డ్రిల్లుకు దొరకని వయసు

2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం చివర ఒక అనుబంధం ఉంది. బడి అన్నాక ఏమేం ఉండాలో అందులో లెక్కగా రాశారు. ఆటస్థలం ఉండాలన్నారు. తరగతి తరగతికీ అవసరమైన ఆటసామాను ఇవ్వాలన్నారు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వందమంది దాటితే ఆరోగ్య, వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకుణ్ణి పెట్టాలన్నారు. ఒకటి నుంచి ఐదు తరగతులకు మాత్రం అలాంటి మనిషి ఊసే లేదు. నేల ఉంటుంది, బంతి ఉంటుంది, చూపించేవాళ్ళు ఉండరు. ఇది చట్టం రాసినవారి ఏమరుపాటు అనుకోవడానికి లేదు. దీనికి పెద్ద చరిత్రే ఉంది. పిల్లల ఒంటికి కదలిక నేర్పే పనిని ఈ దేశంలో ఎవరు నెత్తికెత్తుకున్నా, అది తెల్లదొరల ప్రభుత్వం కానీ, వ్యాయామశాలలు పెట్టిన దేశభక్తులు కానీ, స్వతంత్ర భారతపు విద్యాశాఖ కానీ, పదేళ్ళు దాటినవాళ్ళ దగ్గరే మొదలుపెట్టారు. అంతకు ముందు వయసును వీధికి వదిలేశారు. వీధి ఆ పనిని జీతం అడక్కుండా చేసిపెట్టింది కాబట్టి నూరేళ్ళకు పైగా ఈ లోటు ఎవరికీ కనిపించలేదు.

ఆ వయసు సామాన్యమైంది కాదు. పరుగు, దూకు, కుంటుడు, గెంతు. విసరడం, పట్టడం, తన్నడం, కొట్టడం. ఒంటికాలిపై నిలవడం, గిర్రున తిరిగి పడకుండా ఆగడం. తర్వాత ఏ ఆట ఆడాలన్నా, పొలంలో గట్టు దాటాలన్నా, బస్సు కమ్మీ పట్టుకుని నిలబడాలన్నా ఈ సరుకే కావాలి. శాస్త్రజ్ఞులు వీటిని మౌలిక చలన నైపుణ్యాలు అంటారు. ఇవి ముఖ్యంగా మూడేళ్ళకూ ఎనిమిదేళ్ళకూ మధ్య కుదురుకుంటాయి. నాలుగేళ్ళు వచ్చేసరికి చాలామంది పిల్లలు ఒంటికాలిపై నాలుగు గెంతులు గెంతగలరు. బంతిని మొదట్లో గుండెకు హత్తుకుని పడతారు, కొన్నాళ్ళకు అది అరచేతుల్లోకి వస్తుంది. విసరడంలో మొదట చేయి ఒక్కటే కదులుతుంది. కుడిచేత్తో విసిరేటప్పుడు ఎడమకాలు ముందుకు పడి, నడుము తిరిగి, ఆ తిరుగుడు భుజంలోకి రావడం తర్వాతి మెట్టు. ఆ మెట్టు ఎదిగినంత మాత్రాన రాదు. రాయి విసరమంటే ముప్పయ్యేళ్ళ మనిషి కూడా మూడేళ్ళ పిల్లాడిలాగే మోచేతి నుంచి విసరడం ఎక్కడైనా చూడొచ్చు. 2008లో డేవిడ్ స్టాడెన్, ఆయన సహ పరిశోధకులు ఇంకో సంగతి ముందుకు తెచ్చారు. చేతకాని పిల్లలు ఆట నుంచి తప్పుకుంటారు, తప్పుకున్నకొద్దీ సాధన తగ్గుతుంది, సాధన తగ్గినకొద్దీ ఇంకా చేతకాకుండా పోతుంది. చేతనైన పిల్లల విషయంలో ఇదే చక్రం అటువైపు తిరుగుతుంది. అంటే పదేళ్ళకు బడి వ్యాయామం మొదలుపెట్టే సరికి ఎవరు మైదానంలోకి దూకాలో, ఎవరు చెట్టుకింద కూర్చోవాలో చాలావరకు తేలిపోయి ఉంటుంది.

ఇప్పుడు మన వీధి ఏం నేర్పిందో చూద్దాం. ఇక్కడ కాస్త నెమ్మదిగా నడవాలి, ఎందుకంటే ఆటల పేర్లు వల్లించి నిట్టూర్చడం మనకు బాగా అలవాటైపోయింది. పేర్లు కాదు, వాటి వరస ముఖ్యం. కూర్చోగలిగిన పసిబిడ్డకు తారంగం: రెండు చేతులూ తాళానికి కలవాలి. కాళ్ళు బారజాపి కూర్చున్న పిల్లల కాళ్ళను లెక్కపెడుతూ ఒక్కో కాలూ ముడిపించే కాళ్ళాగజ్జ: తన ఒంట్లో ఏ భాగం ఎప్పుడు కదలాలో బిడ్డకు తెలిసివస్తుంది. నాలుగైదేళ్ళకు ఒప్పులకుప్ప: ఇద్దరు చేతులు అడ్డంగా పెనవేసుకుని, వెనక్కి వాలి, కాళ్ళు దగ్గరపెట్టి తిరుగుతారు, ఎదుటివాళ్ళ బరువే తన బరువును నిలబెడుతుంది, ఎవరు పట్టు సడలించినా ఇద్దరూ పడతారు. ఆ తర్వాత తొక్కుడుబిళ్ళ. ఒంటికాలితో గెంతుతూ, గీత తొక్కకుండా, బిళ్ళను కాలివేళ్ళతో సరిగ్గా పక్క గడిలోకే నెట్టాలి. ఎక్కువ బలం పెడితే బిళ్ళ గడి దాటుతుంది, తక్కువ పెడితే గీత మీద ఆగుతుంది. గడులన్నీ గెలిచాక కళ్ళు మూసుకుని దాటమంటారు. అంటే కంటి సాయం తీసేసి, తూకాన్ని పాదానికీ లోపలి చెవికీ వదిలేయడం. అచ్చనగాయల్లో ఒక రాయి పైకెగరేసి, అది కిందికి వచ్చేలోపు నేలమీద రాళ్ళు ఏరి, దాన్ని పట్టుకోవాలి. మొదట ఒక్కొక్కటి, తర్వాత రెండేసి, మూడేసి, చివరకు అన్నీ ఒక్క గుప్పిటికి. ఎగరేసే ఎత్తు మారదు, పని మాత్రం పెరుగుతూ పోతుంది. బిళ్ళంగోడు దగ్గరికి వస్తే, తెలంగాణ వైపు చిర్రగోనె అంటారు, నేలమీది బిళ్ళ మొన మీద కొట్టి లేపి, గాలిలో ఉండగానే దాన్ని మళ్ళీ కొట్టాలి. కదిలే వస్తువు ఎక్కడ ఉంటుందో ముందే ఊహించి కర్రను అక్కడికి పంపే విద్య అది. ఏడుపెంకులాటలో గురి ఉంది, తప్పుకోవడం ఉంది, పరుగు మధ్యలో చేతిని నిమ్మళం చేసుకుని పెంకులు పేర్చడం ఉంది. వంగినవాడి మీదుగా దూకే ఆటలో వంగినవాడు మొదట నేలకు దగ్గరగా ఉంటాడు, ఆట సాగేకొద్దీ లేస్తాడు. దూకేవాడి ఎత్తు దానంతట అదే పెరుగుతుంది. కోతికొమ్మచ్చికి చెట్టు, ఈతకు బావి, నడుముకు కట్టిన ఎండు సొరబుర్ర. చెడుగుడు వీటన్నిటికీ తర్వాత వచ్చేది.

ఈ వరసలో ఒక ఏర్పాటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అన్నల వెంట, అక్కల వెంట ఆటకొచ్చిన నాలుగేళ్ళ బుడతను ‘ఆటలో అరటిపండు’ అని కలుపుకునేవారు. వాడు పరుగెత్తొచ్చు, ముట్టుకోవచ్చు, దాక్కోవచ్చు. దొంగ మాత్రం కాడు, ఔట్ కాడు. ఇప్పటి బడుల్లో ఆటలు చాలావరకు చేతకానివాణ్ణి ముందు బయటికి పంపిస్తాయి. సాధన అందరికంటే ఎక్కువ కావలసినవాడికే అందరికంటే తక్కువ దొరుకుతుంది. వీధి ఆ చిక్కును ఒక్క మాటతో తీర్చుకుంది. జట్టుకు ఇంతమంది అన్న లెక్క కూడా దానికి లేదు. పంటలు వేసుకుని, ఎంతమంది వస్తే అంతమందితో ఆట సాగేది.

ఇదంతా ఎవరో పథకం వేసి చేశారనడం లేదు. మరీ తేలికైన ఆట పిల్లలకు విసుగు పుట్టిస్తుంది, మరీ కష్టమైంది చచ్చిపోతుంది. పిల్లల చేతుల్లో తరాల తరబడి బతికిన ఆటల్లో మెట్లు ఏర్పడటానికి ఆ జల్లెడ చాలు. నేటి శాస్త్రాన్ని పాత ఆటల్లో వెతుక్కుంటున్నారన్న ఆక్షేపణకు ఇదే నా సమాధానం: ఉద్దేశం లేకపోయినా ఫలితం ఉంటుంది, చరిత్రకారుడు చూడాల్సింది ఫలితాన్ని.

పెద్దలు మాత్రం దీన్ని ఎప్పుడూ విద్యగా చూడలేదు. అయ్యలరాజు నారాయణామాత్యుడు హంసవింశతిలో పిల్లల ఆటల పేర్లు బారులు తీర్చాడు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధాలను పక్కకు నెట్టి ఆటలకు, తిండికి, బట్టకు చోటిచ్చారు, హంసవింశతిని కూడా తవ్వి చూశారు. కానీ ఆ పేర్లు పట్టుకుని నిఘంటువులు తిరగేస్తే చాలాచోట్ల బాలక్రీడావిశేషము అన్న ఒక్క ముక్కే ఎదురవుతుంది. ఎలా ఆడతారో రాయడం పండితుడికి అనవసరంగా తోచింది. వీధిబడి అయ్యవారికీ అంతే. ఆయన బడిలో ఒళ్ళు కదిలేది గుంజీళ్ళు తీసేటప్పుడు, కదలకుండా బిగుసుకునేది గోడకుర్చీ వేసినప్పుడు. వ్యాయామం శిక్షగా బడిలో అడుగుపెట్టిందన్నమాట. నేటికీ ఆలస్యంగా వచ్చినవాణ్ణి మైదానం చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టమంటున్నాం కదా.

కుంఫిణీ పోయి రాణి పాలన వచ్చాక బడులు ఒక పద్ధతిలో పడ్డాయి. 1882లో ఏర్పడిన హంటర్ కమిషన్ పిల్లల దేహ వికాసానికి దేశవాళీ ఆటలను, జిమ్నాస్టిక్స్‌ను, డ్రిల్లును, ఆయా బడుల స్థితిగతులకు తగిన ఇతర కసరత్తులను ప్రోత్సహించాలని సిఫార్సు చేసింది. ఆ వరసలో దేశవాళీ ఆటలది మొదటి పేరు. ఆచరణలో గెలిచింది డ్రిల్లు. కారణాలు వెతకనక్కర్లేదు. డ్రిల్లుకు సామాను అక్కర్లేదు, అరవైమందిని ఒక్క కేకతో కదిలించొచ్చు, ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు చూపించడానికి బాగుంటుంది, నేర్పడానికి పింఛను పుచ్చుకున్న సిపాయిలు దొరికేవారు. అందులో పిల్లవాడు తీసుకునే నిర్ణయం ఒక్కటీ ఉండదు. ఎప్పుడు కదలాలో, ఎటు తిరగాలో కేక చెబుతుంది. బిళ్ళంగోడులో క్షణక్షణం జరిగే అంచనా, సవరింపు దీనిలో సున్నా. ఇంగ్లండులోనే ఈ గొడవ వచ్చింది. బోయర్ యుద్ధంలో సైన్యానికి పనికిరాని యువకులు బయటపడ్డాక, 1902లో అక్కడి బడులకు అచ్చంగా సైనిక నమూనాలో ఒక పాఠ్యక్రమం తెచ్చారు. పెద్దలకు తయారుచేసినదాన్ని పిల్లల మీద రుద్దుతున్నారని విమర్శలు రావడంతో రెండేళ్ళకే, 1904లో, దాన్ని మార్చారు. 1919 నాటి పాఠ్యక్రమం ఏడేళ్ళలోపు పిల్లలకు ఆటలే ఎక్కువగా ఉండాలన్నది. తమ పిల్లలకు దిద్దుకున్న తప్పును ఇక్కడ అలాగే ఉంచేశారు. మన బడుల్లో డ్రిల్లు పీరియడూ డ్రిల్లు మాస్టారూ స్వతంత్రం వచ్చాక కూడా చాలాకాలం చెక్కుచెదరలేదు.

జాతీయవాదులు దీనికి ఎదురు నిలిచారు కానీ వారి దృష్టి కూడా చిన్నపిల్లల మీద లేదు. వారికి కావలసింది బలం. తెల్లవాడు పిరికిజాతి అన్నాడు కాబట్టి కండ చూపించాలి. కోడి రామ్మూర్తి నాయుడి కథ చూడండి. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం తిరిగొచ్చి బడిలో వ్యాయామోపాధ్యాయుడయ్యాడు. ఆ ఉద్యోగంలోనే ఉండిపోయి ఉంటే తెలుగునాట వ్యాయామ విద్య ఎలా ఉండేదో. సర్కసు పెట్టి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టి, కలియుగ భీముడనిపించుకున్నాడు. తాలింఖానాలూ సాముగరిడీలూ యువకుల్ని పోగుచేశాయి, అది చిన్న విషయం కాదు. ఏడేళ్ళ పిల్లకు అందులో చోటు లేదు.

1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. తరఫున హారీ క్రో బక్ ప్రారంభించిన శిక్షణాలయం దగ్గర కథ మారి ఉండవలసింది. బక్ అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వై.ఎం.సి.ఎ. శిక్షణ బడి పద్ధతిలో తయారైనవాడు. జేమ్స్ నైస్మిత్ 1891లో బాస్కెట్‌బాల్‌ను కల్పించింది అక్కడే. ఆటస్థలాల ఉద్యమాన్ని నడిపిన లూథర్ గ్యూలిక్ పనిచేసిందీ అక్కడే. ఆటే చదువు అన్న నమ్మకం ఆ బడిది. బక్ డ్రిల్లు స్థానంలో ఆటలు తెచ్చాడు, దేశవాళీ ఆటలకు విలువిచ్చాడు, 1924 పారిస్ ఒలింపిక్స్‌కు భారత జట్టును తీసుకెళ్ళాడు. దక్షిణాదిలో వ్యాయామోపాధ్యాయ వృత్తికి గౌరవం తెచ్చిందెవరంటే మొదట అతని పేరే చెప్పాలి. అయితే అక్కడ తయారైనవారు వెళ్ళింది హైస్కూళ్ళకూ కాలేజీలకూ. ఎలిమెంటరీ బడికి జీతమిచ్చి ప్రత్యేక వ్యాయామోపాధ్యాయుణ్ణి పెట్టే స్తోమత జిల్లా బోర్డులకు లేదు, అవసరమన్న ఆలోచనా రాలేదు. మరోవైపు పశ్చిమ భారతంలో ఖోఖోకు 1914లో దక్కన్ జింఖానా, కబడ్డీకి 1923లో బరోడాలోని ఒక వ్యాయామ సంస్థ నియమాలు రాశాయి. 1950లో కబడ్డీకి అఖిల భారత సమాఖ్య ఏర్పడింది, 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల ఆటైంది. మంచిదే. కానీ నియమం రాయగానే జట్టుకు ఏడుగురు ఆడతారు, ఐదుగురు బయట కూర్చుంటారు. ఊరి చెడుగుడు ఎవర్నీ కూర్చోబెట్టలేదు. పిల్లల ఆట పెద్దల క్రీడగా ఎక్కిన మెట్టు మీద, కిందనున్నవాళ్ళు కనిపించడం మానేశారు.

చిన్నపిల్లల్ని తలచుకున్నవాళ్ళు బొత్తిగా లేరనడం అన్యాయం. 1920లో భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా బాలమందిరం తెరిచారు. మరియా మాంటిస్సోరి 1939లో అడయారు వచ్చి, యుద్ధం వల్ల ఇక్కడే ఉండిపోయి, 1946 దాకా వందలమందికి శిక్షణ ఇచ్చారు. నేలమీద గీసిన గీత వెంట తూకం తప్పకుండా నడవడం కూడా ఆమె పద్ధతిలో పాఠమే. ఆ బడులు ఫీజు కట్టగలవారి దగ్గరే ఆగాయి. తెలుగులో రేడియో అన్నయ్య న్యాపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి పిల్లల పాటకూ నాటకానికీ గొప్ప వేదిక కట్టారు; పరుగును రేడియోలో వినిపించడం ఎవరి తరం? 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఒక్కటే మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల్ని ఊరూరా ఒకచోట చేర్చింది. దాని సేవల్లో పూర్వప్రాథమిక విద్య ఉంది. కానీ ఆకలి ముందున్న దేశంలో అంగన్‌వాడీ అంటే గుడ్డు, పాలు, తూకం, రిజిస్టరు అయింది. ఆటపాటలు మిగిలిన వేళకు మిగిలాయి. ఆ ప్రాధాన్యాన్ని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు.

ఇప్పుడు అసలు ఆక్షేపణకు వద్దాం. వీధి, వీధి అంటున్నారు, ఆ వీధి ఎవరిది? బాలికకు ముంగిట్లో అచ్చనగాయలు, వామనగుంటలు, బిళ్ళంగోడు తమ్ముడిది. పెద్దమనిషి అయిన రోజు నుంచి తొక్కుడుబిళ్ళ కూడా బంద్. 1929 శారదా చట్టానికి ముందు, ఆ తర్వాత కూడా, ఎందరో ఆడపిల్లలకు ఆట వయసులోనే అత్తవారిల్లు. వాడల పిల్లలు ఊరి పిల్లలతో కలిసి ఆడే వీల్లేదు. జీతానికి కుదిరిన పిల్లవాడికి గొడ్ల వెంట ఉన్నప్పుడు దొరికిన చిర్రగోనె తప్ప వేరే ఆటవేళ లేదు. వరుసలో నిలబెట్టి అందరి చేతా ఒకే రకంగా చేతులు ఎత్తించిన డ్రిల్లే, ఎంత నిర్జీవమైనా, ఆ పిల్లల్ని ఒక్క నేలమీద పక్కపక్కన నిలబెట్టింది. ఈ మాట పూర్తిగా నిజం. తెలంగాణలో బొడ్డెమ్మ, కోస్తాలో గొబ్బిళ్ళు ఆడపిల్లలకు తాళానికి అడుగువేసే చోటిచ్చాయి కానీ అవి ఏడాదికి కొన్ని రోజులు. అయితే ఈ ఆక్షేపణ ఎటు తీసుకెళ్తుందో గమనించాలి. వీధి కొందరికే నేర్పింది కాబట్టే బడి అందరికీ నేర్పాల్సింది. కులం, లింగం అడ్డులేకుండా చిన్నపిల్లలందరూ ఒకచోట ఉండే స్థలం అదొక్కటే. సరిగ్గా అక్కడే ఆ వయసుకు పాఠం లేకుండా చేశాం. వీధి లోపాలు బడి బాధ్యతను పెంచుతాయి కానీ తగ్గించవు.

పిల్లలు పెరిగితే అవే వస్తాయి, దీనికి గురువెందుకు అన్నది రెండో మాట. నడక వస్తుంది, పరుగు వస్తుంది. గురి రాదు, పట్టు రాదు. బంతిని చేత్తో ముట్టని పిల్ల పదేళ్ళకు దాన్ని చూస్తే మొహం తిప్పుకుంటుంది. ఆటల్లో మనవాళ్ళు పతకాలు తెస్తున్నారు కదా అన్నది మూడోది. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ నుంచి, సింధు 2016లో రియో నుంచి తెచ్చినవి ఎంత గొప్పవో వేరే చెప్పాలా? పతకం ఎంపిక చేసిన ఒకరి కథ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన అంచనా ప్రకారం లోకంలో 11 నుంచి 17 ఏళ్ళవారిలో 81 శాతానికి రోజుకు గంటసేపు కదలిక కూడా లేదు. ఆడపిల్లల్లో అది 85 శాతం. వ్యాయామోపాధ్యాయుడు ఉన్న వయసు లెక్క ఇది.

వీధి ఎందుకు పోయిందో అందరికీ తెలుసు: మోటారు బళ్ళు, ఖాళీజాగా ధర, ఒక్క బిడ్డ ఇళ్ళు, ఆరింటికే మొదలయ్యే ట్యూషన్లు, ఆపైన చేతిలో ఫోను. దాన్ని తిరిగి తెస్తామన్న ఊసు అనవసరం. సంక్రాంతికి గ్రామీణ క్రీడల పోటీలు పెట్టి బహుమతులిస్తే పెద్దవాళ్ళ జ్ఞాపకాలు తీరతాయి, నాలుగేళ్ళ పిల్లకు ఒంటికాలి గెంతు రాదు. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును మొదటిసారి ఒక్క దశగా పట్టుకుని, అందులో దేహ వికాసానికి ముందు స్థానం ఇచ్చింది. కాగితం మీద ఇది హంటర్ కమిషన్ కంటే ఎంతో మేలు. అయితే దాన్ని అమలు చేయాల్సింది అంగన్‌వాడీ టీచరు, ఒకటో తరగతి సెకండరీ గ్రేడ్ టీచరు. చాలాచోట్ల ఒక్కరే రెండు మూడు తరగతులు లాగుతున్నవారు. ప్రతి ప్రాథమిక బడికీ ఒక వ్యాయామోపాధ్యాయుడు కావాలని ఉపాధ్యాయ సంఘాలు అడుగుతున్నాయి. న్యాయమే కానీ ఖజానా ముందు ఆ ఫైలు ఎంతకాలం పడుంటుందో అందరికీ తెలుసు. అంతకంటే ముందు చేయగలిగింది ఒకటుంది. ఉపాధ్యాయ శిక్షణలో అక్షరం దిద్దించడం నేర్పినంత శ్రద్ధగా బిడ్డ విసురును చూడటం నేర్పాలి: ఏ కాలు ముందుకొచ్చింది, నడుము తిరిగిందా, బంతి గుండెకు వచ్చిందా అరచేతికి వచ్చిందా. చూడటం వస్తే తొక్కుడుబిళ్ళ గడులు సుద్దముక్కతో వరండాలోనే గీయొచ్చు, ఎవరికి ఏ గడి వెడల్పుగా ఉండాలో కూడా తెలుస్తుంది.